అట్ట మీది చేతిరాత

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నాకు మతి చలించిందని ఇంట్లోవాళ్లు చెప్పడం, మీరంతా అయ్యో అనుకుని నమ్మడం, పాపని నా ఒళ్లోంచి తీసుకుపోవడం. అత్తయ్య విషయంలో మొదటి రెండూ అయిపోయాయి. పాప పుస్తకాలొచ్చిన అట్టపెట్టెలో నిద్రపోతోంది. లేచిందేమోనని వాక్యానికోసారి చూసుకుంటూ ఇది రాస్తున్నాను.

మీరిప్పుడే మా కొట్టులో పుస్తకం కొన్నారు. వేరే గ్రహాల కథలు, మంత్రలోకాల కథలు తప్ప మరేవీ అమ్మని కొట్టు ఇది. ప్రతి పుస్తకంలోనూ చేత్తో రాసిన చీటీ ఉంటుంది, ఇది ఎవరు చదవాలి, ఎందుకు చదవాలి అని. చాలామంది ఆ చీటీల కోసమే వస్తారు. పాతికేళ్లు నిండాయని మా ఆయన అచ్చువేయించిన కొట్టు చరిత్ర పుస్తకం కూడా మీ సంచిలో ఉంది. "నాన్నగారు ప్రతి పుస్తకమూ చదివి చీటీ రాసేవారు" అని ఉంటుంది అందులో. "ఎవరి కిందా లేని కొట్టు" అని కూడా ఉంటుంది. కొట్టు సంగతి నిజమే. అందులో పనిచేసే ఆడవాళ్ల సంగతి రాయలేదు.

మామయ్య ఒక్క పుస్తకం చదవలేదు. అత్తయ్య ముందుగదిలో ఒక్క పుస్తకాల బీరువాతో ఈ కొట్టు మొదలుపెట్టినప్పుడు, "ఇంటిని దయ్యాల కొంప చేశావు" అన్నారట. జనం రావడం మొదలయ్యాక ఆఫీసు మానేసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివి చీటీలు రాశారు. చూపు మందగించాక, "నువ్వు చదువు, నేను చెప్తాను, రాయి" అన్నారు నాతో. నాది తొమ్మిదో తరగతిలో ఆగిన చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. కొన్నాళ్లకి, "ఇక నువ్వే రాయవే, నాకంటే దుర్మార్గంగా రాస్తున్నావు" అని నవ్వారు.

పోయిన నెల ఎవరో ఆ చీటీలను మెచ్చుకుంటుంటే అత్తయ్య అందరి ముందూ, "అవి నేను రాసినవి" అన్నారు. "అమ్మకి ఈమధ్య ఏవేవో అనిపిస్తున్నాయండీ" అని మా ఆయన నవ్వేశాడు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ మేడమీద గదిలో, గడియ బయట. సోమవారం వృద్ధాశ్రమం బండి వస్తుంది. నేను నోరు విప్పబోతే, "నీకూ అదే పట్టుకుందా? పిల్లని మా అక్క చూసుకుంటుందిలే" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

చరిత్ర అట్ట మీదికి బొమ్మ కావాలని పాత చీటీల పెట్టె తానే తీశాడు. గంటసేపు ఏరి, ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "చూడు, నాన్న రాత! ఇలా రాసేవాళ్లు ఇప్పుడెవరున్నారు?"

పాపకి పాలిస్తూ చూశాను. "ఎవరూ లేరు" అన్నాను.

మీరూ ఆ అట్ట చూడండి. అది ఏ పుస్తకం గురించి రాసిన చీటీయో చదవండి. ఆ పుస్తకం నిరుడు అచ్చయింది. మామయ్య పోయి మూడేళ్లు. ఆ రాతని ఈ కాగితంతో పోల్చుకోండి, ఎవరికి మతి చలించిందో మీకే తెలుస్తుంది.

సంచులు సర్దే పని నాదే కాబట్టి ఈ కాగితం ప్రతి సంచిలోనూ పెట్టగలిగాను. నాకొక్క పని చేసిపెట్టండి. కొట్టు పక్క సందులో ఇనుప మెట్లున్నాయి. సోమవారంలోగా పైకి వెళ్లి, గడియ తీసి, మీరు కొన్న పుస్తకం పేరు అత్తయ్యకి చెప్పండి. కథంతా ఆవిడే చెప్తారు. ముగింపు ముందే తెలియకూడదనుకుంటే వారించండి, లేకపోతే ఆగరు. ఆవిడ అన్నం తిన్నారో లేదో కనుక్కోండి. తర్వాత కిందికొచ్చి, ఆవిడ ఎలా ఉన్నారో నాకు చెప్పండి, గట్టిగా, మా ఆయన ఎదుటే.