బొమ్మలు రాని పేజీ

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆడపడుచు కూతురు వచ్చి నా పక్కన చతికిలబడింది. "అత్తయ్యా, వెబ్ డిజైన్ నేర్చుకోవాలంటే ముందు ఏమేం కావాలి?"

నేను నోరు తెరిచేలోగా ముందుగదిలోంచి మా ఆయన అందుకున్నారు. "మంచి లాప్‌టాప్ కొనమను మీ నాన్నని. మీ అత్తయ్యకేం తెలుసు? పెళ్లికి ముందెప్పుడో ఏదో నేర్చుకుంది. ఇప్పుడంతా మారిపోయింది."

ఏదో నేర్చుకుందట! మరి ఈయనగారి కర్టెన్ల షాపుకి వెబ్‌సైట్ ఎవరు చేశారో? గుడ్డల ఫొటోలు కత్తిరించి, ఫోన్‌లో చూసినా అక్షరాలు చదవడానికి వీలుగా సర్ది, ధర మారిందనగానే స్టవ్ మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చి మార్చేదెవరు? ఎవరైనా అడిగితే "మావాళ్లు చేశారు" అంటారు. ఆ మావాళ్లు నేనొక్కదాన్నే. అత్తగారి లెక్కలో మాత్రం నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే ఖాళీగా కూర్చున్నట్టు.

పొద్దున మేడమ్ ఫోన్ చేశారు. నాకు ఈ పని నేర్పినావిడ. చూపు ఆనడం లేదట, సాయంత్రం కొత్తవాళ్ల క్లాసు నన్ను తీసుకోమన్నారు. "ఇవాళే చెప్పమ్మా, నువ్వు రాకపోతే ఇక క్లాసు ఎత్తేస్తాను." ఆ మాట ఈయనతో అంటే పేపర్లోంచి తలెత్తకుండా "సాయంత్రం పూట ఇంట్లో ఎవరుంటారు?" అన్నారు. నేను బట్టలు ఉతకడానికి వెళ్లిపోయాను. మేడమ్‌కి ఇంకా జవాబు చెప్పలేదు.

"చెప్పు అత్తయ్యా," అని పిల్ల నా మోకాలు తట్టింది.

నేను నేర్చుకున్న రోజుల్లో లాప్‌టాప్ ఎక్కడిదే మాకు! మేడమ్ వాళ్ల మేడ మీద గది, నాలుగు డొక్కు కంప్యూటర్లు. మొదట్లో వాటిని ముట్టుకోనిచ్చేవారే కాదు. పెన్సిల్‌తో పేజీ గీయమనేవారు. పేరు ఎక్కడ, బొమ్మ ఎక్కడ, చూసేవాళ్ల కన్ను ముందు దేని మీద పడాలి. అది కుదిరాక, ఉత్త నోట్‌ప్యాడ్‌లో ఒక్కో ట్యాగూ, అంటే ఏది ఎలా కనబడాలో చెప్పే గుర్తు, చేత్తో కొట్టాలి. లావు అక్షరాల ట్యాగు తెరిచి మూయడం మరిచామా, కిందిదాకా అన్నీ లావు అక్షరాలే! పడీపడీ నవ్వేవాళ్లం. అబ్బ, ఎంత నవ్వేవాళ్లమో! అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

నా మొదటి పేజీ నాన్న గడియారాల రిపేరు షాపు మీద. నాన్న ఇరుగుపొరుగునంతా వెంటేసుకుని నెట్ సెంటర్‌కి తీసుకొచ్చారు. తెరిస్తే ఏముంది, బొమ్మలుండాల్సిన చోటల్లా ఖాళీ గడులు! ఫొటోలన్నీ మేడమ్ వాళ్ల కంప్యూటర్లోనే వదిలేసి పేజీ ఒక్కటే నెట్‌లోకి ఎక్కించాను మరి. అక్కడ బ్రహ్మాండంగా కనిపించాయి కదా అని మురిసిపోయాను. సిగ్గుతో చచ్చాననుకో. నాన్న మాత్రం ఏమీ జరగనట్టు, "అక్షరాలు చూడండి, ఎంత కుదురుగా పెట్టిందో మా అమ్మాయి," అంటూ అందరికీ పైనుంచి కిందిదాకా చదివి వినిపించారు. మర్నాడు మేడమ్ నవ్వి, "నీకు కనిపిస్తే లోకానికి కనిపించినట్టు కాదమ్మా. పక్కవాళ్ల కంప్యూటర్లో చూసుకో," అన్నారు.

చెబుతూ చెబుతూ బట్టల సంగతే మరిచిపోయాను. నాన్న గుర్తొచ్చి కళ్లు నిండాయి. పిల్ల కళ్లార్పకుండా వింటోంది. ఈ ఇంట్లో నా మాట ఇంత శ్రద్ధగా ఎవరైనా విన్నారా అసలు?

అలమారలో ఇంకా మడత విప్పని మా ఆయన కొత్త చొక్కాలోంచి అట్ట లాగి, పెన్సిల్‌తో సహా పిల్ల చేతికిచ్చాను. "లాప్‌టాప్ తర్వాత చూద్దాం. ముందు చెప్పు, ఎవరి కోసం చేస్తున్నావు పేజీ?"

"మా అమ్మ కుట్టే పిల్లల గౌన్ల కోసం."

"అయితే గౌను ఎక్కడుండాలో గీయి."

అది నాలుక బయటపెట్టి మరీ గీస్తుంటే నేను ఫోన్ తీశాను. "మేడమ్, సోమవారం నుంచి వస్తాను. క్లాసు ఎత్తేయకండి," అన్నాను. అవతల ఆవిడ "అమ్మయ్య" అన్నారు.

"ఏమోయ్, కాస్త టీ పెట్టు!" ముందుగదిలోంచి కేక.

అలవాటు కొద్దీ సగం లేచాను. పిల్ల పెన్సిల్ ఆపి నా మొహంలోకి చూసింది. మళ్లీ కూర్చున్నాను.

"ఏంటి, వినపడలేదా?"

"వినపడిందండీ. క్లాసులో ఉన్నాను."