ఒక్క యాక్సిడెంటుకు ఆరు కథలు

కోర్టు సీరియల్ మొదలయ్యే వేళకు నాగమ్మాళ్ బ్యాండేజి గుడ్డ నేసే షెడ్డు నుంచి పరుగున వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా టీవీ ముందు చతికిలబడేది. రాసేవాడు సొంత తమ్ముడు మహేంద్రన్ మరి. చెన్నైలో ఉంటాడు. సీరియల్ అయిన వెంటనే ఫోన్ చేసి, "అక్కా, ఎట్లుండాది?" అని అడగందే వాడికి అన్నం సయించదు.

బాగుందనే చెప్పేది గాని, ఆ కథ మాత్రం ఆమెకు కొరుకుడు పడేది కాదు. తెల్లవారుజామున రోడ్డు మీద ఒక మనిషిని బైకు గుద్దేసి పోయింది. కేసు అంతే. వారానికో సాక్షి బోనెక్కి, అదే యాక్సిడెంటును తన తీరున చెబుతాడు. పాలవాడి కథలో బైకు ఎర్రది, టీకొట్టువాడి కథలో నల్లది.

"ఏంది పాపా ఇది? నిన్న సచ్చినోడు మల్లా సైకిల్ తొక్కుతుండాడే!"

"అది ఇంకో సాక్షి చెప్పే కతమ్మా. మామ బుర్రే బుర్ర," అని నవ్వేది కూతురు సత్యప్రియ.

"జడ్జికి తలనొప్పి రాదా, పావం."

ఎగతాళి చేసినా, ఆమెకు ఆ కథ లోపల గుచ్చుకునేది. మొగుడు అయ్యాసామి పోయిందీ అట్లాగే, సేత్తూరు రోడ్డులో, తోటకు సైకిల్ మీద పోతూ. సత్యప్రియ బళ్ళో చేరిన ఏడు. గుద్దినవాడెవడో తేలలేదు. సద్ది కట్టిచ్చిన కేరియర్ కూడా దొరకలేదు. "సచ్చినోడి కూడు ఎత్తుకపోయినోడి చెయ్యి పడిపోను!" అని ఏటా తద్దినం నాడు శాపనార్థాలు పెట్టేది. పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకునేవాడు మహేంద్రన్. అప్పుడింకా ఊళ్ళోనే ఉండేవాడు. అప్పటినుంచి ఇంటికి మగదిక్కు వాడే. సత్యప్రియను చదివించిందీ వాడే. బావ మీది ప్రేమతో రాస్తున్నాడులే అని సర్దుకుంది.

ఆ సాయంత్రం ఆరో సాక్షి బోనెక్కాడు.

"అమ్మా, వీడే గుద్దినోడు! ఒప్పుకుంటుండాడు చూడు," సత్యప్రియ ముందుకు జరిగింది.

తెర మీద కుర్రాడు బైకు దిగి పరుగెత్తాడు. పడినవాణ్ణి కుదిపి చూశాడు. ఏం చెయ్యాలో తోచక, పక్కన దొర్లిన కేరియర్‌ను గుండెకు హత్తుకుని ఏడ్చాడు. దానితోనే బైకెక్కి పారిపోయాడు. ఆ కేరియర్‌కు కొక్కెం లేదు. బ్యాండేజి గుడ్డ పీలికతో చుట్టూ కట్టి ఉంది.

నాగమ్మాళ్‌కు ఆ ముడి తెలుసు. కొక్కెం విరిగిపోతే ఆ పొద్దున తన చేత్తో కట్టిన పీలిక అది. షెడ్డులో చెప్పకుండా తెచ్చిన గుడ్డ. ఓనరుకు తెలిస్తే పని పోతుందని పోలీసులకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, తమ్ముడికీ చెప్పలేదు. చూసింది అయ్యాసామి ఒక్కడే. ఇంకెవరైనా చూశారంటే, వాళ్ళు ఆ పొద్దున ఆ రోడ్డు మీద ఉండి తీరాలి.

ఇన్నాళ్ళూ ఎవడి భుజం మీద తలపెట్టి ఏడ్చింది! ఎవడి చెయ్యి పడిపోవాలని ఏటా కోరుకుంది!

ఫోన్ మోగింది. "మామే!" అంటూ సత్యప్రియ స్పీకర్ పెట్టి అందించింది.

"అక్కా... ఎట్లుండాది?"

గొంతు రోజూలా లేదు. నాగమ్మాళ్ కూతురి వైపు చూసింది. పిల్ల ముఖంలో ఇంకా సీరియల్ సంబరమే. స్పీకర్ ఆపేసి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"బాగుండాదిరా. ఆ కేరియర్ యాడ పెట్టినావు?"

అవతల బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"నా దగ్గరే ఉండాదక్కా," అన్నాడు. "నువ్వు కట్టిన గుడ్డ నేనింకా విప్పలే."