ఫోన్ల అర

ఆ కుట్టు షెడ్డులో పని మొదలయ్యే ముందు అందరూ తమ ఫోన్లను తలుపు పక్కనున్న చెక్క అరలో పెట్టాలి. వాటికి కాపలా పెద్దక్కది. ఎవరికి జ్వరమొచ్చినా దేవుడికి మొక్కుకునే మనిషి ఆమె. ఎవరింటి సంగతీ ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. అదీ మంచితనంలో భాగమేనని ఆమె నమ్మకం.

ఆర్నెల్ల కిందట చేరిన కాలర్లు కుట్టే అమ్మాయి మాత్రం కొరుకుడు పడలేదు. ఊరేదని అడిగితే నవ్వేది. మొగుడి మాటెత్తితే తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేది.

ఒకనాడు అరలో ఆ అమ్మాయి ఫోను వెలిగింది. పెద్దక్క కళ్లద్దాలు సవరించుకుని చదివింది.

"జాగ్రత్త చెల్లీ. మీ ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఈసారి దొరికితే చంపేస్తానంటున్నాడు."

ఇంత బరువు ఒక్కతే మోస్తోందా అని పెద్దక్క కళ్లు చెమర్చాయి. భోజనాల వేళ గుండీలు కుట్టే ఆవిడ చెవిన వేసింది.

"నీలోనే ఉంచుకోవే. పిల్లను కాస్త కనిపెట్టుకుని ఉందామని చెబుతున్నా."

"నా కడుపులో పడితే బావిలో పడ్డట్టేగా అక్కా."

ఆ బావికి చేదలు చాలానే ఉన్నాయి. సాయంత్రానికి మాట ఇస్త్రీ బల్లల దాకా పాకింది. మర్నాటికి మూటలు తీసుకెళ్లే వ్యాను డ్రైవరు నోట ఊళ్లు దాటింది.

పదో రోజు గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. "మొగుణ్ని వదిలేసి వచ్చిన కాలర్ల పిల్ల ఇక్కడే ఉందటగా," అని నవ్వుతూ అడిగాడు.

ఆ గొంతు వినగానే అమ్మాయి మిషను ఆగిపోయింది. గేటు కాపలావాడు అతణ్ని మాటల్లో పెట్టాడు. ఆమె అరలోంచి ఫోను తీసుకుని వెనక తలుపు వైపు నడిచింది.

"నీ మేలు కోరేనమ్మా..." అంది పెద్దక్క.

"ఇక్కడ ఆర్నెల్లు భయం లేకుండా నిద్రపోయాను అక్కా," అంది అమ్మాయి. అంతే. మళ్లీ కనబడలేదు.

ఆ సాయంత్రం పెద్దక్క దేవుడి ముందు నిలబడింది. ఆ పిల్లను దాచు తండ్రీ అని అడగబోతే నోరు రాలేదు. బయటపెట్టింది ఆ నోరే కదా.

మర్నాడు అరలోని ఫోన్లన్నీ ఒక్కొక్కటిగా బోర్లా తిప్పుతుంటే, గుండీలావిడ వచ్చి "ఇదేంటక్కా?" అంది.

పెద్దక్క ఆ అమ్మాయి మిషను సూది కింద అలాగే ఉండిపోయిన సగం కాలరు వైపు చూసింది.

"అన్నీ తెలిసిన దేవుడు ఎవరితోనూ ఏదీ చెప్పడు. మనకు ఒక్క ముక్క తెలిస్తే ఆగలేం. సాటి మనిషి దాచుకున్నదాన్ని తొంగి చూసే హక్కు జాలికి కూడా లేదే."