పెద్దోడి మీద వాలిన రాబందు

కుబ్రాకు లక్సెట్టిపేటలో ఫొటో స్టూడియో ఉంది. మగవాళ్ల కెమెరాలను ఆడవాళ్ల వైపు రానివ్వని షాదీలన్నీ ఆమెవే. అయినా పెళ్లికూతుళ్ల కన్నా వంకర ముక్కు పక్షులంటేనే ఆమెకు ప్రాణం. డేగ, గద్ద, గుడ్లగూబ అన్నీ కెమెరాకు దొరికాయి గానీ రాబందు ఒక్కటే ఐదేళ్లుగా ఏడిపిస్తోంది. ఆకాశంలో చుక్కంత కనిపించి మాయమైపోతుంది. ఆ చుక్క ఫొటోలు చూసి ఇంట్లోవాళ్లు, "ముందు అద్దం తుడుచుకో" అని ఆటపట్టిస్తారు.

అందుకే ఆసిఫాబాద్ అవతలి గుట్టల్లో వ్యవసాయం చేసుకునే, రాబందులొస్తే చెప్పమని ఆమె నంబరిచ్చి ఉంచిన అంబదాస్ ఫోన్ చేయగానే ఆమె షట్టర్ దించేసి బయలుదేరింది. అంబదాస్ ఎద్దు చచ్చిపోయింది. వాళ్లింట్లో ఎద్దును పాతిపెట్టరు, తోలు అమ్ముకోరు. వాగు అవతలి బండ మీద ఉంచి రాబందులకు అప్పజెప్తారు. అవి ముట్టుకుంటే ఎద్దు చాకిరీ తీరినట్టు. ముట్టకపోతే ఇంటివాళ్లు దాన్ని సరిగ్గా చూసుకోలేదన్నట్టు.

పొద్దున్నే ఇద్దరూ ఆకుల చాటున కూర్చున్నారు. పది దాటి ఎండెక్కాక ఒకటి, రెండు, ఐదు రాబందులు గుట్ట మీది నుంచి వచ్చి బండ చుట్టూ తిరగసాగాయి. కుబ్రా కెమెరా కంటికి ఆనించింది.

"వస్తున్నయ్ బిడ్డా," అన్నాడు అంబదాస్ కళ్లు తుడుచుకుంటూ. "పదమూడేండ్లు దున్నిండు నా పెద్దోడు. ఆఖరికి కాలు వాచి లేవలే. వాడు మూల్గుతుంటే సూడలేక, ఊర్ల సూదులేసేటాయనను పిలిచి మూడు దినాలు ఏపిచ్చిన. పానం పోయింది సుత తెల్వలే వానికి."

"ఏం సూది కాకా?" అంది కుబ్రా, కెమెరాలోంచి కన్ను తీయకుండా.

అంబదాస్ జేబులోంచి ఖాళీ సీసా తీసి ఇచ్చాడు. పెద్దోడి ఆఖరి మందని పారేయబుద్ధి కాలేదట. ఆమె కెమెరా దించి పేరు చదివింది. డైక్లోఫెనాక్. మనుషుల నొప్పుల మందు. అది ఎక్కించిన పశువును తింటే రాబందు కిడ్నీలు చెడిపోయి నాలుగు రోజుల్లో చస్తుంది. పశువులకు వాడొద్దని ఎప్పుడో నిషేధించారు. ఊళ్లో ఎవరు చూడొచ్చారు?

అంతలో మొదటి రాబందు దిగింది. నలభై అడుగుల దూరంలో రెక్కలు విప్పి, మెడ చాచి నిలబడింది. వెనకాల నీలం గుట్ట. ఒక్క ఫొటో తీసి లేద్దామనుకుంది కుబ్రా. ఐదేళ్ల ఆశ మరి, ఆమెను తప్పుపట్టి లాభం లేదు. కానీ ఒకటి తీస్తే పది తీస్తానని తన బుద్ధి తనకు తెలుసు. రాబందు ఎద్దు కడుపు మీదికి గెంతి ముక్కు వంచింది.

కెమెరా అక్కడే వదిలేసి ఆమె పరుగెత్తింది. "హుష్! చల్ హట్! పో!" అని అరుస్తూ, దుపట్టా ఊపుతూ, రాళ్లు విసిరింది. పక్షులన్నీ లేచిపోయాయి.

అంబదాస్ నెత్తి కొట్టుకున్నాడు. "ఏం జేస్తివి బిడ్డా! నా పెద్దోన్ని ముట్టకుండ జేస్తివి గదా!"

ఆ మందు సంగతి చెప్పక తప్పలేదు. అతను సీసాను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే నేనే ఇషం పెట్టిన్నా?"

"నువ్వు నొప్పి తీసినవ్ కాకా. నీకెర్క లేదు. ఎర్కుంటే పెడ్తవా?"

"మరి వీని చాకిరీ తీరలే గదా?"

"అవి వద్దనలే కాకా. తిననీకె కూసున్నయ్, నువ్వే సూసినవ్. నేనే ఎళ్లగొట్టిన. పాపముంటే నాకే ఉండనీ."

అతను గడ్డపార తేవడానికి ఊళ్లోకి పోయాడు. వాళ్ల ఇంటిలో ఎద్దును పాతిపెట్టబోతున్న మొదటి మనిషి అతనే.

కుబ్రా ఒక్కతే కాపలా నిలబడింది. ఆకలి మీదున్న పక్షులు ఊరుకుంటాయా? మళ్లీ మళ్లీ దిగాయి. రెక్కల గాలి ఆమె ముఖానికి తగిలింది. ఇన్నేళ్లు రమ్మని ఎదురుచూసిన వాటిని ఏడుస్తూ, తిడుతూ తరిమింది. రాళ్లు విసిరి విసిరి చెయ్యి నొప్పెట్టి ఆమె ఆగిన క్షణంలో ఒకటి ఎద్దు పక్కనే వాలింది.

అప్పటికి అంబదాస్ వాగు దాటి వచ్చాడు. పెద్దోడి పక్కన కూర్చున్న ఆ పక్షిని కళ్లారా చూసుకున్నాడు. గడ్డపార కింద పెట్టాడు.

"పో తల్లీ, పో," అంటూ తనే ఒక రాయి అందుకున్నాడు.