కత్తెర ఎండలో గుర్రపు క్షవరం

మైపాడు బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే చమేలి అనే తెల్లగుర్రం, రోహిణి కార్తెలో ఒక ఉదయం, తన బరువంతా నామీద వాల్చి నన్ను పాక గోడకు అంటించేసింది.

నేను గుర్రాల డాక్టర్ని కాను. ఇందుకూరుపేటలో రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే పెంచలప్రసాద్‌ని. మోటార్లు చుట్టడం నా వృత్తి, మాటలు చుట్టడం ప్రవృత్తి. అందుకే ఎవరూ నా చుట్టుపక్కల ఎక్కువసేపు నిలబడరు. ఈ గుర్రం మాత్రం నిలబడింది. కదిలితే ఒట్టు.

చమేలికి వయసు మీరింది. వేసవికి రాలిపోవాల్సిన చలికాలపు జుట్టు ఈ ఏడు రాలనే లేదు. గొంగళి కప్పుకున్నట్టు ఉంది. చెమట పట్టడం కూడా మానేసి, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతోంది. ‘మిట్టమధ్యాహ్నం లోపల ఒళ్లంతా గొరిగేయండి, లేకపోతే ఈ ఎండకు ఆగదు’ అని పశువుల డాక్టరు ఫోనులోనే చెప్పేశాడు. దాని యజమాని మౌలా క్లిప్పరు తెచ్చి కుడిపక్క గొరిగాడు. ఎడమపక్క మొదలుపెట్టగానే మిషను మొరాయించింది. మొరాయించడం గుర్రం హక్కు, మిషనుకెందుకో! మోటారు తిరుగుతోంది, వెంట్రుక తెగడం లేదు. మోటారు అంటే నేనే కదా, కబురు పెట్టాడు.

వచ్చి, చూద్దామని గోడకూ గుర్రానికీ నడుమ దూరాను. చమేలి ఒక్క నిట్టూర్పు విడిచి నామీదికి ఒరిగిపోయింది.

“కదలొద్దన్నా!” మౌలా కేకేశాడు. “నువ్వు తప్పుకున్నావంటే పడిపోద్ది. పడిందంటే మళ్లా లేవదు.”

“నీ గుర్రానికి నామీద విశ్వాసం బాగానే ఉండాది మౌలా. నాకే శ్వాస లేదు!”

మౌలా నవ్వలేదు. ఏడెనిమిదేళ్లుగా వాళ్ల ఇంటి పొయ్యి వెలిగేది ఈ గుర్రం నడిస్తేనే. వాడి కళ్లల్లో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి.

కుడిచెయ్యి ఒక్కటే ఖాళీ. మిషను మూత విప్పించి చూశాను. లోపల మోటారుకు కరెంటు అందించే కార్బన్లు బాగున్నాయి, కరెంటూ బాగుంది. బ్లేడ్ల పట్టు సడలిందేమోనని స్క్రూ బిగించాను. తెగలేదు. ఇంకాస్త బిగించాను. మిషను జుట్టు నమిలి వదిలింది, చమేలి ఒళ్లు జలదరించింది. జుట్టు అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. నాకు జుట్టు అందింది. కాళ్లు మాత్రం దానివి, వెనకవి రెండూ సిద్ధంగా ఉన్నాయి.

మౌలా భార్య నూర్జాన్ బ్లేడు మీద వేలు పెట్టి చటుక్కున తీసింది. “బిగించింది చాల్లేన్నా, కాలిపోతా ఉండాది.”

నిజమే. మరీ బిగిస్తే బ్లేడు మీద బ్లేడు ఒరుసుకుని మంట పుడుతుంది గానీ కోత పడదు. “అయితే స్క్రూ లూజు చేస్తా.”

“నీకు ముందునించే లూజు గదన్నా. ఇప్పుడు దానిక్కూడానా?”

మౌలా పడవల వాళ్లనడిగి డబ్బాలో డీజిలు తెచ్చాడు. నూర్జాన్ బ్లేడ్లు రెండూ విప్పి అందులో ముంచి, పాత పళ్లబ్రష్షుతో పళ్ల సందులు తోమింది. జుట్టుతో పాటు బూడిదరంగు బురద ఊడింది. తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, స్క్రూ వదులుగా పెట్టి ఇచ్చింది. మెడ మీద పెట్టాను. సర్రున తెగింది!

“తెగింది మౌలా, తెగింది!” అని నేను అరిచేలోపలే మళ్లీ ఆగిపోయింది. విప్పితే మళ్లీ అదే బురద. వేళ్ల మధ్య నలిపితే కరకరలాడింది.

ఎక్కడిది ఇది? నా చెంప గుర్రం డొక్కకు అదిమి ఉంది. పెదాలు తడుపుకుంటే, నోరంతా ఉప్పు. నా చెమట ఇంత ఉప్పగా ఉంటే నేను ఈపాటికి ఊరగాయనై ఉండాలి.

“ఒరే మౌలా, దీనికి నీళ్లు యాడ పోసినావురా?”

“పొద్దున్నే సముద్రంలో ముంచుకొచ్చినా. చల్లంగా ఉంటాదని.”

క్షవరమైతే గాని వివరం తెలియదన్నారు. సముద్రపు నీరు ఆరిపోయి, వెంట్రుకల మొదళ్లలో ఉప్పూ ఇసుకా మిగిలాయి. కుడిపక్క ఇసుక తక్కువ పట్టిందేమో ఎలాగో తెగింది, ఎడమపక్క ఉప్పుతో కలిసి గట్టిపడింది. బ్లేడు జుట్టును కాదు, ఇసుకను కోస్తోంది.

“మంచినీళ్లతో కడగాల,” అన్నాను. “కడిగినాక ఆరాల. తడిజుట్టు అంటుకోని ముద్దైపోద్ది, తెగదు.”

“ఆరేసరికి ఇది ఉంటాదా అన్నా?”

జీవితంలో మొదటిసారి నాకు జోకు రాలేదు. దాని గుండె నా పక్కటెముకల మీద దబదబా కొట్టుకుంటోంది. నేను తప్పుకుంటే అది పడుతుంది, ఉంటే దాని వేడికి నేను ఉడుకుతాను. పాక చూరుకింద నీడ సన్నబడుతోంది.

నూర్జాన్ బోరింగు కొట్టి బిందెలు మోసింది. గుర్రానికి పోసిన నీళ్లలో సగం నాకే పడ్డాయి. అప్పుడే పడమటి గాలి లేచింది. మొహాన నిప్పులు చల్లే వడగాలి. మౌలా తలుపు మూయబోయాడు. నూర్జాన్ ఎదురొచ్చి, పడమటి వైపు తడిక తాళ్లు కోసి లాగి పారేసింది.

“పిచ్చా నీకు? వడగాలి లోపలికి రానిస్తావా!”

“తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్లు ఎట్టా చల్లబడతయ్యి? ఆ గాలికే గదా!”

గాలి లోపలికి దూసుకొచ్చింది. తడిసిన నా ఒంటికి మొదట వణుకు పుట్టింది. చమేలి చెవులు నిక్కబొడిచింది. చూస్తుండగానే జుట్టు పొడిపొడిగా లేచింది.

ఇక ఆపలేదు. మెడ, భుజం, చెయ్యి చాచినంత మేరా గొరిగాను. ఆ తర్వాత నా వెనక గోడా ముందు గుర్రమూ ఉండగా బల్లిలా జరుగుతూ, నేను ఆనుకున్న చోటల్లా కొంచెం కొంచెం గొరిగాను. బ్లేడు వేడెక్కితే ఆగడం, డీజిల్లో ముంచడం, నూనె చుక్క వెయ్యడం. తెల్లటి జుట్టు నా తలమీదా మీసాలమీదా పడి, ఎవరు గుర్రమో పోల్చుకోలేనట్టు అయింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తొడ కూడా అయిపోయింది. రొప్పు తగ్గింది. మౌలా బిందె పట్టుకుంటే మూతి ముంచి చప్పుడు చేస్తూ తాగింది. వాడు దాని నుదుటికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

“ఇంక నన్ను విడిపించండయ్యా,” అన్నాను.

నూర్జాన్ వంగి చూసి పెదాల మీద వేలు పెట్టింది. చమేలి కిందిపెదవి వేలాడుతోంది, రెప్పలు వాలాయి. నిద్ర.

“ఎన్ని రోజులైందో అన్నా, ఇది కన్ను మూసి. రవ్వంతసేపు ఉండు.”

ఊపిరి తీసినప్పుడల్లా దాని వెచ్చటి ఒళ్లు నా ఛాతీ మీద నిదానంగా లేచి పడుతోంది. బరువు ఇందాకటి కన్నా ఎక్కువైంది. నేను గోడకు తల ఆనించాను.

జేబులో ఫోను మోగింది. నూర్జాన్ చెయ్యి దూర్చి తీసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

“రొయ్యల గుంటోళ్లా? అన్న ఇప్పుడు రాలేడు. పనిలో ఉండాడు.” అవతల ఏదో అడిగారు. ఆమె నావైపు చూసింది. “ఏం పనంటే... నిలబడుకోనుండాడు.”