గోడకుర్చీ

"వీపు గోడకి ఆనించండి టీచర్‌గారూ. ఇంకొంచెం కిందకి. కుర్చీలో కూర్చున్నట్టు. అంతే. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా ఉండండి చాలు."

రమాసుందరికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఆసనానికి యోగా నేర్పే పుష్పలత ఏదో సంస్కృతం పేరు చెప్పింది. ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి దీని అసలు పేరు తెలియదా? గోడకుర్చీ. ఎక్కాలు అప్పజెప్పలేని ప్రతివాళ్ళ చేతా తను వేయించినది. ఎనిమిదో తరగతిలో ఈ పుష్పలత చేత కూడా.

పక్క చాప మీద హనుమాయమ్మ పగలబడి నవ్వింది. "మా అబ్బాయి గిరిబాబు చూడాలి తల్లీ ఈ ముచ్చట! వాడి చేత ఎన్నిసార్లు వేయించారో మీరు!"

హాల్లో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. తిరువూరులో సగం మంది ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే.

"ఆరు... ఏడు..."

తొడలు వణుకుతున్నాయి. కావాలనే మెల్లగా లెక్కపెడుతోంది, సందేహం లేదు. మూడు నెలల్లో తొడ కండరాలు గట్టిపడకపోతే మోకాళ్ళకి ఆపరేషనే అన్నాడు విజయవాడ డాక్టరు. ఆ ఆపరేషన్ చేయించుకున్న అక్క మళ్ళీ మంచం దిగలేదు. ఆ భయమే లేకపోతే ఈ గడప తొక్కేదా?

పదకొండో అంకెకి ఆమె జారి నేలమీద కూలబడింది. పుష్పలత చెయ్యి అందించింది. రమాసుందరి ఆ చెయ్యిని విసిరికొట్టింది.

"కక్ష తీర్చుకుంటున్నావుటే? అరవయ్యొకటో ఏట నన్ను పదిమందిలో గోడకి నిలబెట్టి!"

నవ్వులు ఆగిపోయాయి. పుష్పలత ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఆ రోజు మీరు అంకెలు లెక్కపెట్టలేదు టీచర్. హెడ్మాస్టర్ పిలిస్తే వెళ్ళిపోయారు. అన్నం బెల్లు కొట్టేదాకా నేనలాగే ఉన్నా. తిరిగొచ్చి, 'ఇంకా ఇక్కడే ఉన్నావేంటే మొద్దూ' అన్నారు. క్లాసంతా నవ్వారు."

రమాసుందరి వెతుక్కుంది. ఆ రోజు తప్పిన ఎక్కం గుర్తుంది, పదమూడోది. తిరిగొచ్చి అన్న మాట గుర్తులేదు. ఆ పిల్ల కాళ్ళు గుర్తులేవు. తనని ఎవరెవరు ఏ మాటన్నారో నలభయ్యేళ్ళ కిందటివి కూడా పొల్లు పోకుండా దాచుకున్న బుర్రలో, ఇది మాత్రం లేదు. ఆ ఖాళీని చూసి ఆమెకి మరింత కోపం వచ్చింది. ఈసారి ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

"అయితే కక్షే కదా!"

"కోపం ఉంది. ఇప్పటికీ ఉంది. కక్షే అయితే అంకెలెందుకు లెక్కపెడతాను?"

రమాసుందరి కిటికీ ఊచ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా లేచింది. గోడకి ఆనుకుని కిందకి జారింది.

"మొదట్నుంచీ లెక్కపెట్టు."

పుష్పలత లెక్కపెట్టింది. వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఇరవై అయింది. రమాసుందరి లేవలేదు. పెదవి కొరుక్కుంటూ, ఎదుటి గోడని గుడ్లురిమి చూస్తూ అలాగే ఉండిపోయింది.

"చాలు టీచర్."

రమాసుందరి వీపుని గోడకి ఇంకా గట్టిగా అదిమింది.

"మోకాళ్ళు పాడైపోతాయి. లేవండి." ఇంకా కదలకపోయేసరికి పుష్పలత గట్టిగా అరిచింది. "లేవండంటుంటే! ఎవరికోసం ఈ మొండితనం? నన్ను ఉద్ధరించడానికా?"

హాలు దద్దరిల్లింది. చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజు గుంజి ఆమెని నిలబెట్టింది. ఇద్దరూ రొప్పుతూ ఒకరినొకరు మింగేసేలా చూసుకున్నారు.

"రేపు ఆరింటికి," అంది పుష్పలత. "ఇరవై అంటే ఇరవయ్యే. నేను చెప్పినంతే."

"వస్తాలే," అంది రమాసుందరి పళ్ళు బిగించి.