రెండు రకాల నీళ్ళు

మా చీరల షాపులో రెండు రకాల నీళ్ళుంటాయి. కొనడానికి వచ్చినవాళ్ళకు క్యాన్ నీళ్ళు. పనిచేసేవాళ్ళకు వెనక డ్రమ్ములో బోరు నీళ్ళు. కనిగిరిలో బోరు నీళ్ళంటే ఫ్లోరైడ్ అని పసిపిల్లలకూ తెలుసు. ఇంటి నుంచి బాటిల్ తెచ్చుకుంటే, చీరలు తడుస్తాయని మేనేజర్ వంశీ గేటు దగ్గరే పెట్టించేవాడు. తన మాట వినేవాళ్ళను మాత్రం క్యాన్ దగ్గరికి రానిచ్చేవాడు.

మాతో పాటు చీరలు అమ్మే రోశమ్మక్క వినలేదు. ఎదురుగా తెరుస్తున్న కొత్త షాపుకు మాలో ఎవరెవరు పోవాలనుకుంటున్నారో చెప్పమని వంశీ ఆమెను అడిగాడు.

"నేను చీరలు అమ్మేదానికి వచ్చినా నాయనా, చాడీలు చెప్పేదానికి కాదు" అంది.

మర్నాడే ఆమెను మూడో అంతస్తులోని గోడౌన్‌కు మార్చాడు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళే తాగి ఆమె మోకాళ్ళు అప్పటికే బిగుసుకున్నాయి.

నేను ఓనర్ ఉమామహేశ్వర్లు గారి దగ్గరకు వెళ్ళాను. మమ్మల్ని ఎప్పుడూ 'మా ఇంటి పిల్లలు' అనే మనిషి.

"అక్కను కిందికి దించండి సార్. మంచినీళ్ళన్నా తాగనీయండి."

"వంశీ మా అక్క కొడుకమ్మా. వాడితో గొడవెందుకు? అడ్జస్ట్ కాండి" అన్నారు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఏ ఇంట్లో పిల్లలకు అట్లాంటి నీళ్ళు పోస్తారు? అడగలేకపోయాను. ఒళ్ళు మాత్రం మండిపోయింది.

ఆ మధ్యాహ్నం చంద్రశేఖరపురం నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. ఓనరే ఎదురెళ్ళి పరుపుల మీద కూర్చోబెట్టారు.

"హరితా, అమ్మవాళ్ళకు నీళ్ళు తీసుకరా."

డ్రమ్ములో ముంచి తెచ్చాను. పెళ్ళికూతురి తల్లి గ్లాసు ఎత్తబోయింది. నేను వెనక డ్రమ్ము దగ్గర నుంచి రావడం చూసిన వంశీ అరిచాడు.

"ఏయ్, బుద్ధుందా నీకు? అవి బోరు నీళ్ళు! తాగొద్దమ్మా!"

ఆమె గ్లాసు దించింది. "మరి మీరు తాగేదేంది పాపా?"

"ఇవేనమ్మా. మోకాళ్ళు బిగుసుకపోయిన మా అక్క పైన ఉంది. ఆమెకూ ఇవే."

"పిలువు ఆమెను. ఆమె వచ్చి చూపిస్తేనే చీరలు చూస్తాం."

వంశీ నన్ను మింగేసేలా చూశాడు. ఓనర్ సైగ చేస్తే, వెళ్ళి పిలుచుకొచ్చాడు.

రోశమ్మక్క రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. ఆయాసపడుతోంది. పెళ్ళికూతురి తల్లి తనే లేచి క్యాన్ నీళ్ళు పట్టి ఇచ్చింది. అక్క నిలబడే గటగటా తాగుతోంది.

ఓనర్ గబుక్కున ముందుకు వంగారు. అక్కను కూర్చోమంటారేమో అనుకున్నాను.

ఆమె గ్లాసు కింద పరిచి ఉన్న పట్టుచీరను పక్కకు లాక్కున్నారు.